చరిత పిల్లరు

ఇప్పుడు సివిల్ ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు పుస్తకాల్లో లేవు. కాలేజీ వాళ్లు తలా ఒక పిల్లరు అప్పగిస్తారు. వాళ్లిచ్చిన కోటు తొడుక్కుంటే, ఆ పిల్లరు మీద పడే బరువంతా ఒంటికి తెలుస్తుంది. ఉషారాణి కూతురు చరితకు పక్కవీధి అంగన్‌వాడీ పిల్లరు వచ్చింది.

పరీక్షలయ్యాయి. కోటు తిరిగిచ్చేసింది. అయినా చరిత కూర్చోవడం లేదు. ఎండెక్కితే, కొత్త పిల్లరుకు చుట్టినట్టు, భుజాల మీద తడి గోనెపట్టా కప్పుకుంటుంది. నిద్ర కూడా నిలబడే.

"కోటు లేదుగా, ఇంకా ఏంటే ఇది?" అంది ఉషారాణి, కంచం పెడుతూ.

"నా మీద స్లాబుందమ్మా. కింద పిల్లలున్నారు."

"నీ మొహం. కూచుని తిను," అంటూ చెయ్యి పట్టి లాగింది.

చరిత మోకాళ్లు వంగాయి. పక్కవీధిలో పెళ్లలు రాలిన చప్పుడైంది. పాట పాడుతున్న పసిగొంతులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

చరిత మెల్లగా నిటారుగా లేచింది. కాసేపటికి పాట మళ్లీ మొదలైంది.

ఉషారాణి కంచం చేతిలోకి తీసుకుంది. కూతురి ఎదుట తనూ నిలబడి, ముద్ద కలిపి నోట్లో పెట్టింది.

"ఇట్లా ఎన్నాళ్లే?"

చరిత ముద్ద మింగింది.

"కొత్త బిల్డింగమ్మా. చాలా ఏళ్లుంటుంది."