మూడు గారెలు

"అలేఖ్యా, నా పౌచ్!"

ఋత్విక్ అరిచేసరికే కోతి సాల్ చెట్టెక్కేసింది.

అతని ఇన్‌హేలర్ ఆ పౌచ్‌లోనే ఉంది.

ఖరగ్‌పూర్‌లో చదువుకి చేరిన రెండు నెలల్లో వాళ్లిద్దరూ క్యాంపస్ దాటడం ఇదే మొదలు. అడవి కోతుల్ని చూద్దామని అలేఖ్యే బయల్దేరదీసింది. తెచ్చిన అరటిపళ్లన్నీ కోతులు ఎప్పుడో ఊడ్చేశాయి.

ఋత్విక్ కూలబడ్డాడు. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

ఆమె ఆటోకి ఫోన్ చేసింది. పొద్దున దించివెళ్లిన బుజ్జిబాబు, ఇరవై నిమిషాల్లో వస్తానన్నాడు.

పైన కోతి పౌచ్‌ని కొరుకుతోంది.

కాస్త దూరంలో, కంసావతి నది ఒడ్డున, ఒక ముసలాయన కూర్చునున్నాడు. భుజాన తడి తువ్వాలు, ముందు అరిటాకు ముక్క, ఒళ్లో స్టీలు డబ్బా. ఆకాశంలోకి చూస్తున్నాడు.

అలేఖ్య పరిగెత్తింది. "దాదా! దాదా! అయ్యో, ఎలా చెప్పాలి..."

"తెలుగోళ్లేనా? ఏటయింది తల్లీ?"

చెప్పింది. "ఆ డబ్బాలో ఏముంది తాతగారూ?"

"గారెలు."

"ఒక్కటివ్వండి! దానికి చూపిస్తే వదిలేస్తుంది."

ఆయన డబ్బా గట్టిగా పట్టుకున్నాడు. "ఇయి ఇప్పుడే ఇవ్వకూడదమ్మా."

"మనిషి ప్రాణం పోతుంటే గారెలు దాచుకుంటారా?"

ఆయన ఋత్విక్ వైపు చూశాడు. పెదాలు నల్లబడుతున్నాయి.

లేచాడు. మూత తీశాడు. మూడే ఉన్నాయి.

మొదటిది విసిరాడు. కోతి ఎడంచేత్తో అందుకుంది. కుడిచేతిలో పౌచ్ అలాగే ఉంది.

"రెండో సేతికీ పని పెట్టాల."

రెండోది విసిరాడు. ఇంకో కోతి తన్నుకుపోయింది.

చివరిది తీసి ఆగిపోయాడు.

"విసరండి తాతగారూ!"

"ఏటీ అనుకోకే," అని ఎవరితోనో గొణిగి, విసిరాడు.

కోతి కుడిచెయ్యి చాచింది. పౌచ్ కిందపడింది.

రెండుసార్లు ఇన్‌హేలర్ పీల్చాక ఋత్విక్‌కి ఊపిరి కొంచెం తిరిగింది.

"మొదటే ఇస్తే ఇంతవరకూ వచ్చేదా?" నిలదీసింది అలేఖ్య.

"నిజమేనమ్మా," అన్నాడాయన. "బాబుని వేగిరం డాక్టరుకి సూపించు."

ఆటో వచ్చింది. ఋత్విక్‌ని ఎక్కిస్తూ ఆమె వెనక్కి చూసింది. ముసలాయన డబ్బా అడుగున మిగిలిన గారె పలుకుల్ని అరిటాకు మీదికి జాగ్రత్తగా దులుపుతున్నాడు.

వంతెన దాటాక ఆమె ఉండబట్టలేక అంది. "పలుకులు కూడా వదల్లేదు. అంత పిసినారిని నేనెక్కడా చూడలేదు!"

"ఎవులు, నూకరాజు మావయ్యా?" బుజ్జిబాబు నవ్వాడు. "పొద్దున నేనే దించినాను. ఆయన పిసినారేటి చెల్లెమ్మా!"

"మూడు గారెలకి ఎంత బతిమాలించుకున్నాడో!"

బుజ్జిబాబు నవ్వు ఆగిపోయింది. "మూడూ ఇచ్చేసినాడా?"

"కోతికి విసిరాడు. ఏం?"

బుజ్జిబాబు అద్దంలో ఋత్విక్‌ని చూశాడు. ఆటో వెనక్కి తిప్పే వీల్లేదు.

"ఈయేళ మా హైమవతత్త తద్దినం. అయి కాకికి పెట్టాల్సిన గారెలు, కాకి ముట్టిందాకా ఆయన మంచినీళ్లయినా ముట్టడు చెల్లెమ్మా."