ఎదురు కుర్చీ

“పేరొద్దు. జరిగింది చెప్పు,” అంది మేడం, స్కేలుతో బల్ల మీద తట్టి.

లిఫ్టు మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. ఎదురు కుర్చీలో మందుల షాపు ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

మేడం దగ్గర ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకోవడానికి పుస్తకమంటూ ఏదీ లేదు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని తమ సంగతులు చెప్పుకోవాలి, అంతే. పేరుతో మొదలుపెడితే బట్టీపట్టిన నాలుగు ముక్కలు అప్పజెప్పి చేతులు దులుపుకుంటారని ఆమె అనుభవం. అందుకే పేర్లు నిషేధించి, అందరినీ చేసే పనితోనే పిలుస్తుంది. తప్పులు దిద్దదు గానీ అబద్ధం చెబితే మాత్రం ఊరుకోదు. అబద్ధానికి బోలెడు భాష కావాలి, నిజానికి నాలుగు మాటలు చాలు అంటుంది.

మందుల షాపు ఆవిడ ముందు చేరింది. పది రోజుల తర్వాత మెకానిక్ వచ్చాడు. ఎక్కడ కూర్చుంటావని అడిగితే గదంతా చూసి ఆమె ఎదురు కుర్చీ చూపించాడు. మొదటి వారం ఇద్దరూ బస్సుల గురించీ వాన గురించీ మాట్లాడుకున్నారు. రెండో వారం అతను “యువర్ హస్బెండ్?” అని అడిగాడు.

ఆమె బల్లకేసి చూస్తూ, “గుడ్ మ్యాన్. నో టాక్,” అంది.

“మై వైఫ్ ఆల్సో నో టాక్,” అన్నాడతను.

మేడం చెవులు నిక్కపొడుచుకున్నది అప్పుడే. రెండిళ్లలోనూ మాటలు కరువైతే, ఇక్కడ మాటలు కలవడానికి ఎంతసేపు?

ఇవాళ అతను రెండేళ్ల కిందటి సంగతి ఎత్తుకున్నాడు. ముక్కలు ముక్కలుగా, మధ్యలో చేతులతో చూపిస్తూ చెప్పాడు. ఒక ఆఫీసులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది. లోపల ఒక ముసలామె, ఇద్దరు పిల్లలు. అతను పైనుంచి దిగి, వాళ్లను ఒక్కొక్కరినే బయటికి తీశాడు. పనిముట్ల సంచీ కిందే ఉండిపోయింది. ఫోను సంచీలో ఉంది. ఆ గంటలోనే భార్యకు నెలలు నిండకుండా నొప్పులు వచ్చాయి. పదకొండు సార్లు ఫోన్ చేసింది.

“బేబీ... నో,” అని ఆగిపోయాడు.

మందుల షాపు ఆవిడ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ అడిగింది, “ఓల్డ్ లేడీ... ఓకే?”

“ఓకే.”

“వై యూ నాట్ టెల్ వైఫ్?”

పనిలో ఉన్నానని ఒక్క మాట మాత్రం చెప్పానన్నాడు. ఆ మీదట ఆమె అడగలేదు, తను చెప్పలేదు. తెలుగులో నోరు తెరిస్తే మాట బయటికొచ్చేది కాదని తంటాలు పడి ఇంగ్లీషులో చెప్పుకొచ్చాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, కంట్లో ఏదో పడిందని మేడంతో చెప్పింది. తర్వాత అతనివైపు తిరిగి, “టెల్ అగైన్,” అంది. అతను మళ్లీ మొదటినుంచీ చెప్పాడు.

మేడం కూడా కొంగుతో కళ్లొత్తుకుంది. అతను చెడ్డవాడైతే నాలుగు చీవాట్లు పెట్టి పంపేది. మంచివాడు కావడమే వచ్చిన చిక్కు. ఒకరి దుఃఖాన్ని ఇంకొకరు రెండోసారి అడిగి మరీ వింటున్నారంటే సంగతి ప్రాక్టీసు దాటిపోయిందని ఆమెకు అర్థమైంది.

టీ వేళకు అనుమానం కాస్తా రూఢి అయింది. మెకానిక్ చక్కెర డబ్బా కోసం చెయ్యి చాపాడు. మందుల షాపు ఆవిడ డబ్బాను తనవైపు జరిపేసుకుంది. అతను కిక్కురుమనకుండా చప్పటి టీ తాగేశాడు. నాలుగు వారాల పరిచయానికి ఇంత చనువా అని మేడం గుండె గతుక్కుమంది. తను వేసిన కుర్చీల వల్ల రెండు కాపురాలు కూలితే ఆ పాపం తన మెడకే చుట్టుకుంటుందని భయపడింది.

క్లాసు అయ్యాక ఆవిడ ఎప్పటిలాగే ముందు వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కి చూసింది. అదీ మేడం కళ్లలో పడింది. మెకానిక్‌ను ఆగమంది.

“చూడు నాయనా, నీ కష్టం వింటే నాకూ ఏడుపొచ్చింది. కానీ ఇంట్లో చెప్పుకోవాల్సిన మాటలు పరాయి ఆడవాళ్లకు చెప్పుకోకూడదు. నిప్పుతో చెలగాటం అది. ఆవిడకీ ఓ మొగుడున్నాడు కదా.”

అతను తల వంచుకున్నాడు. “ఉన్నాడండి.”

“మరి? రేపట్నుంచి నువ్వు కిటికీ పక్కన రంగులేసే ఆయన ఎదురుగా కూర్చో. ఆ కుర్చీ మార్చేస్తున్నా.”

అతను గబుక్కున తలెత్తాడు. కళ్లనిండా నీళ్లు.

“మార్చకండి మేడం. మా ఆవిడ నాతో మాట్లాడేది అక్కడొక్కచోటే.”