నిలవని ముఖం

"ఇంకెంతసేపు చెల్లె? మబ్బు వట్టింది. వాన వడకముందే ఎల్లాలె," అన్నాడు బాలకిషన్.

"ఒక్క నిమిషం అన్నా. అవ్వ మొఖం సాఫ్ వస్తలేదు," అంది మనీషా, కెమెరా మీంచి కన్ను తీయకుండానే.

పెగడపల్లిలోని ఆ ఇంటి అరుగు మీద గంగవ్వ శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. తల గోడకు ఆనించి, గడ్డం కింది నుంచి నెత్తి మీదికి తెల్లగుడ్డ కట్టి, మెడలో బంతిపూల దండ వేశారు. ఆధార్ కార్డు మీదిది తప్ప ఆమెకు మరో ఫోటో లేదు. గోడకు పెట్టుకోవడానికి అవ్వ ముఖం దగ్గరగా ఒక్కటి తీయమని కొడుకు బాలకిషన్ బతిమాలాడు. వాకిట్లో డప్పులు మోగుతున్నాయి. పాడె సిద్ధంగా ఉంది.

మనీషాది కోరుట్లలో స్టూడియో. కెమెరాతో వచ్చిన లెన్స్ రిపేరుకు పోయింది. అందుకని, ఒకప్పుడు ఫోటోలు తీసి ఇప్పుడు మానేసిన నర్సింగం తాత ఇచ్చిన పాతకాలపు లెన్స్‌ను అడాప్టర్‌తో బిగించుకుని వచ్చింది. బరువైన ఇనుము, మందమైన గాజు. దానంతటది ఏ పనీ చేయదు. కెమెరా తెర మీద ముఖాన్ని పెద్దది చేసి చూసుకుంటూ, కంటి వెంట్రుకలు తేటపడేదాకా ఫోకస్ రింగును చేత్తో తిప్పుకోవాలి. ఎన్నో పెండ్లిళ్లలో వాడింది. ఎప్పుడూ మొరాయించలేదు.

ఇప్పుడు మాత్రం గంగవ్వ ముఖం నిలవడం లేదు. తేటపడినట్టే పడి, నీళ్లలో నీడలా చెదిరిపోతోంది.

తన చెయ్యే వణుకుతోందేమోనని కెమెరాను స్టాండుకు బిగించింది. కుర్చీ చేతి మీదున్న గంగవ్వ వేళ్ల మీదికి రింగు తిప్పింది. పగిలిన గోళ్లు, ముడతలు, అరిగిన వెండి ఉంగరం, అన్నీ చెక్కినట్టు వచ్చాయి. అలాగే నిలిచాయి. మళ్లీ ముఖం మీదికి తిప్పింది. మూసిన రెప్పలు తేటపడ్డాయి. రింగు మీంచి చేయి తీసేసింది.

రెప్పలు చెదిరాయి. ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ తేటపడ్డాయి.

మనీషా కెమెరా మీంచి తల ఎత్తింది.

"ఏమైంది చెల్లె?"

"అన్నా... అవ్వను డాక్టర్ చూసిండా?"

"పొద్దుగాల్నే ఊళ్లె డాక్టర్ నాడి చూసి, పాణం లేదని చెప్పిపోయిండు. గదెందుకు అడుగుతున్నవ్?"

గోడ పక్కన కూర్చున్న ఒక ముసలామె తెర వైపు తొంగి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పాణం ఇంక ఇల్లిడిచి పోలేదేమో. దానికి గీ ఇల్లంటే మస్తు ప్రేమ, పావురముండె," అని గొణిగింది.

మనీషా పక్కకు జరిగి జగిత్యాలలో ఉన్న నర్సింగానికి ఫోన్ చేసింది.

"తాతా, పీనుగు ఫోటో తీస్తున్న. నీ లెన్స్ ఏందో అయితాంది. నేను రింగు ముట్టకున్నా, మొఖం అదే చెదురుతాంది, అదే సాఫ్ అయితాంది."

"దాన్ని ఇప్పెయ్ బిడ్డా," అన్నాడు ముసలాయన. "సంచిల వెట్టుకొని అచ్చెయ్. మల్ల దాంట్లకెల్లి చూడకు."

"ఎందుకు తాతా?"

"చూడకన్న గద!" అని ఫోన్ పెట్టేశాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి నలుగురు మగవాళ్లు అరుగెక్కుతున్నారు. "అచ్చినకాడికి సాలు చెల్లె. ఇగ లేపుతం," అన్నాడు బాలకిషన్ కండ్లు తుడుచుకుంటూ.

"ఆఖరుది అన్నా. ఒక్కటంటే ఒక్కటి."

చూడకూడదనుకుంటూనే తెర వైపు చూసింది. ముఖం తేటపడింది. చెదిరింది. తేటపడింది. చెదిరింది. అట్లా చూస్తూ చూస్తూ ఉండగా మనీషాకు తన రొమ్ము కూడా అదే వరసలో లేచి పడుతున్నట్టు తెలిసింది.

ఒక్క ఉదుటున కెమెరా నుంచి లెన్స్ ఊడదీసి అరుగు మీదికి ఉరికింది. దాని గాజును గంగవ్వ ముక్కు కింద పెట్టింది.

"ఏం జేస్తున్నవే? పిచ్చి లేసిందా?" అని ఎవరో చెయ్యి పట్టి లాగారు. ఆమె విదిలించుకుంది.

గాజు మీద సన్నటి పొగమంచు పట్టింది. కరిగింది. మళ్లీ పట్టింది.

"అన్నా! అవ్వ ఊపిరి తీస్తాంది!"

డప్పులు ఆగిపోయాయి. బాలకిషన్ ఉరికొచ్చి అవ్వ చెంపలు పట్టుకున్నాడు. గడ్డానికి కట్టిన గుడ్డను ఎవరో విప్పగానే గంగవ్వ గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. ఆ తర్వాత అంతా ఉరుకులు పరుగులే. అంబులెన్స్ వచ్చి ఆమెను ఎక్కించుకుని జగిత్యాల వైపు వెళ్లేసరికి వాన మొదలైంది.

మనీషా ఖాళీ అరుగు మీద కూర్చుని మళ్లీ ఫోన్ చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియడం లేదు.

"తాతా, నువ్వు ఒట్టిగనే బుగులు వెట్టినవ్! నీ లెన్స్‌ల ఏ దయ్యం లేదు. అవ్వ బతికే ఉంది. ఊపిరికి తలకాయ ఇంతంత కదులుతాంది. గింత దగ్గరికెల్లి తీస్తే జరంత కదిలినా మసకైతది. గందుకే మొఖం నిలువలే!"

నర్సింగం గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది.

"కాటికి తీస్కపోయే ముందట, గదే లెన్స్‌ల మా ఇంటామె మొఖం గూడ గిట్లనే నిలువలేదు బిడ్డా."