గింజ తీసిన పాట

"గిది డీవీడీల పెడితే పలుకుతలేదు బిడ్డా. ఖరాబయిందా ఏంది?"

సగం దించిన షట్టర్ కింది నుంచి వంగి లోపలికి వచ్చిన ఎల్లక్క, కొంగు ముడి విప్పి చిన్న మెమొరీ కార్డును బల్ల మీద పెట్టింది. జనగామలో ఆ రోజు కూడా అంతా బంద్. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి బస్సులు లేవు. బొగ్గు కదలక కరెంటుకూ నిలకడ లేదు. ఆమె దగ్గర్లోని ఏదో ఊరి నుంచి నడిచే వచ్చినట్టుంది. కాళ్ల నిండా దుమ్ము, నెరిసిన జుట్టులో అక్కడక్కడా పత్తి నూగు.

సెల్‌ఫోన్లలోకి పాటలు ఎక్కించే దుకాణం అది. యజమాని నరేందర్ కార్డును కంప్యూటర్‌కు తగిలించి చూశాడు.

"ఖరాబు గాలే అవ్వా. గిది ఏఎమ్మార్ ఫైలు. మాటలు రికార్డు చేస్తే ఫోన్ గిట్ల రాసుకుంటది. ఆ రాత డీవీడీకి చదువరాదు. ఎంపీత్రీ చేసిస్త, అప్పుడు పలుకుతది."

"ఫోన్ల పలుకుతుండె. అది నీళ్లల్ల పడి పోయింది. మనిషి పోయిండు, ఫోనూ పోయింది. గీ గొంతొక్కటే మిగిలింది. పండుకునే ముందట ఒక్కపారి ఇంటే నిద్ర పడుతది. అందుకే కార్డు పెట్టే పాత డీవీడీ డబ్బా ఒకటి తెచ్చుకున్న."

నరేందర్ హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. మానుకోటలో జరిగిన ధూంధాం, ఉద్యమ పాటల సభ, అది. డప్పులు, జనం కేకలు, వాటన్నిటి మీద ఒక పడుచు గొంతు. పట్టుమని పాతికేళ్లు కూడా ఉండవేమో, మైకు పగిలేలా పాడుతున్నాడు. పోయింది ఈ కొడుకన్నమాట అనుకున్నాడు నరేందర్. పేపరు తెరిస్తే ప్రాణాలు తీసుకున్న అలాంటి పిల్లల ఫొటోలే కనిపిస్తున్న రోజులవి. ఎట్లా పోయాడని కన్నతల్లిని అడగడానికి అతనికి నోరు రాలేదు.

పైగా అతని మనసులో ఒక ముల్లు ఉంది. స్నేహితులంతా రైలు పట్టాల మీద కూర్చుంటే, ఈయనగారు షట్టర్ వెనక కూర్చుని ఉద్యమం పాటలు అమ్ముకుంటున్నాడు. వాళ్లు రమ్మన్నప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పాడు. అది గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుగా ఉంటుంది. కనీసం ఈ తల్లికైనా ఒక పని సక్కగా చేసి పెట్టాలనుకున్నాడు.

"ఎంపీత్రీ చేస్తే గొంతు మారుతదా బిడ్డా?"

"మారదు. చెవికి అక్కరలేనివి తీసి పారేస్తది, గంతే. పత్తి మిల్లుల గింజ తీస్తరు సూడు, అట్ల."

"గింజ పారెయ్యరు బిడ్డా. నూనె పడతరు."

నరేందర్ నవ్వాడు. "నువ్వు మిల్లుల చేస్తవా అవ్వా?"

"ఇద్దరం అండ్లనే చేసినం."

చదువుకోవలసిన పిల్లగాడు ఆ దూదిలో పనిచేశాడన్నమాట. అతనికి ఇంకా జాలేసింది. "జర సేపు బయట కూసో అవ్వా. మంచిగ చేసిస్త" అన్నాడు.

పాటకు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఫోను పక్కనే ఎవడో ఒకటే దగ్గు. కుర్రాడు చరణం ఎత్తుకుంటే చాలు, ఖళ్ ఖళ్ మంటాడు. మధ్యలో "జర జరుగుండ్రి, ఇనవడుతలేదు" అని గొణుగుడు. నరేందర్‌కు ఒళ్లు మండింది. దవాఖానకు పోవలసినోడు ధూంధాంకు ఎందుకు పోయిండని తిట్టుకున్నాడు.

దగ్గు వచ్చిన చోటల్లా కత్తిరించాడు. ఖాళీ పడిన చోట అదే పల్లవిని ఇంకో దగ్గర నుంచి తెచ్చి అతికించాడు. సగంలో కరెంటు పోయింది. చేసిందంతా పోయింది. విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. దుకాణం పెట్టాక ఇంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. ఆఖరికి ఆ పడుచు గొంతు ఒక్కటే, కడిగిన ముత్యంలా మిగిలింది.

ఏ కార్డు వచ్చినా వైరస్ భయానికి ముందు పూర్తిగా తుడిచి, తర్వాతే పాటలు వేయడం ఆ దుకాణం పద్ధతి. అలాగే తుడిచి, ఈ పాటను మొదట ఎక్కించాడు. ఇంత జాగా ఊరికే ఎందుకు వదలాలని తన దగ్గరున్న ఉద్యమం పాటలన్నీ దాని వెనకే నింపేశాడు. ఇక ఒక్క పాటకు కూడా చోటు లేదు. చాలా రోజుల తర్వాత అతనికి మనసు తేలికపడింది.

ఎల్లక్కను పిలిచి హెడ్‌ఫోన్ పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. పాట అయిపోయింది. మళ్లీ పెట్టమని చేత్తో సైగ చేసింది. ఏడిస్తే ఏడవనీ అని నరేందర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె ఏడవలేదు. దేనికోసమో వెతుకుతున్నట్టు హెడ్‌ఫోన్‌ను చెవులకు ఇంకా గట్టిగా అదుముకుంది.

"దగ్గేది బిడ్డా?"

"తీసేసిన అవ్వా. ఒక్కటి సుత ఉంచలే. పిల్లగాని గొంతు ఎంత సాఫ్‌గ ఇనవడుతుందో సూడు."

ఎల్లక్క అర్థం కానట్టు అతని మొహంలోకి చూసింది. "దగ్గు మల్ల పెడతవా?"

"ఇగ రాదవ్వా. పాతది కంప్యూటర్ల సుత ఉంచలే. కార్డు తుడిచిన, దాని మీద గిన్ని పాటలు ఎక్కినయి. అయినా ఆ దగ్గు ఎవలికి గావాలె?"

ఆమె హెడ్‌ఫోన్ మెల్లగా తీసి బల్ల మీద పెట్టింది. చెయ్యి మాత్రం దాని మీది నుంచి తీయలేదు.

"గా దగ్గింది మా ఆయన, బిడ్డా."