పుంజు సాక్ష్యం

"ఒక్క జడ్జి చాలు!" పెంబ్రీ దొర రిజిస్టరు టపీమని మూశాడు. "ఆరు నెలలు దాటిన కేసు ఇందులో ఒక్కటీ లేదు."

హాంకాంగ్ కోర్టుకి రెండో జడ్జి కావాలో వద్దో తేల్చమని గవర్నరు పంపిన మనిషి ఆయన. కోర్టు దుబాసీ లియు ఒకడుగు ముందుకేశాడు.

"దొరా, ఉన్న ఒక్క జడ్జిగారికీ జ్వరమో, సెలవో వస్తుంది. ఆగిన కేసుకి కొత్త నంబరిచ్చి మళ్ళీ మొదట్నించీ మొదలెడతాం. అందుకే అన్నీ కొత్తవిలా కనిపిస్తాయి. పాత రిజిస్టర్లు చెదలు తినేశాయి. అదిగో, కామ్ సో కేసు నాలుగేళ్లది!"

ముందు బెంచీ మీద కామ్ సో ఒళ్ళో బుట్ట, బుట్టలో ఎర్ర పుంజు. ఆమె ఇల్లూ బతుకూ అయిన పడవని మరిది తనదన్నాడు. తీర్పు వచ్చేదాకా పడవ రేవులో కోర్టు జప్తులో, ఆమె ఒడ్డున చాప మీద.

"ఆ పుంజెందుకు?"

"ప్రమాణానికి దొరా, కేసు మొదలెట్టినప్పుడల్లా ఒకటి. దాని తల నరికి, అబద్ధమాడితే నాకూ ఇదే గతి అనాలి. మధ్యలో మార్చకుండా కాలికి తేదీ వేసి కోర్టు బిళ్ళ కడతాం."

ఊళ్ళో కోళ్ళ పోటీలన్నీ గెలిచిన పెంబ్రీ పుంజు కాలి ముల్లు చూసి పకపకా నవ్వాడు. "పది నెలలది! నాలుగేళ్ల కేసట! కేసు ఈ పుంజుకన్నా పాతదని రుజువు చెయ్యి, ఇప్పుడే ఇద్దరని రాస్తా. మొదటి విచారణ ఈవిడదే."

లియు ఆ మాటే తమ భాషలో చెప్పాడు.

"ఓస్, ఇంతేనా!" అంది కామ్ సో. "మీ దొరకి కోళ్ళు తెలుసుగానీ కోర్టు తెలీదు లియూ."

నడుముకి కట్టుకున్న మూట విప్పి ఒక తాడు బల్ల మీద పడేసింది. దానికి ఎండిపోయిన కోడికాళ్ళు నాలుగు, ఒక్కోదానికీ కోర్టు బిళ్ళ. పెంబ్రీ తేదీలు చదివాడు. అన్నిటికన్నా పాతది నాలుగేళ్ల నాటిది.

ఆయన తన రిపోర్టులో 'ఒకరు' కొట్టేసి 'ఇద్దరు' అని రాశాడు. కోర్టు హాలంతా ఈలలు, చప్పట్లు. లియు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇవి ఎవరివి?" అన్నాడు పెంబ్రీ గొంతు తగ్గించి.

కామ్ సో పుంజుని గుండెలకి హత్తుకుంది. "వీడి నాన్న, తాత, ముత్తాత, ఆయన నాన్న! నాలుగు తరాలు నా కేసుకే తలలిచ్చాయి దొరా, ఇక వీడే ఆఖరు!"