దొంగనడక పెరిగింది

అమెరికాలోని డులూత్‌లో మంచు కురుస్తున్న రాత్రి. ఇంట్లోవాళ్ళంతా ఊరెళ్ళారు. బేస్‌మెంట్‌లో గేమ్ ముందు కూర్చున్న డెస్మండ్ ఆట తీరును మార్చే మాడ్‌లన్నీ తిరగేసి, ఏ పని చేస్తే ఆ విద్యే పెరిగేదాన్ని ఎంచుకుని ఎక్కించాడు. తన కత్తివీరుణ్ణి ఖాళీ మైదానంలో నిలబెట్టి, కీబోర్డ్ మీంచి చేతులు తీసేశాడు.

తెర మీద అక్షరాలు మెరిశాయి: ‘దొంగనడక పెరిగింది.’

"వీడు కదలకుండానే పెరుగుతోందిరా," అన్నాడు హెడ్‌ఫోన్స్‌లో ఉన్న స్నేహితుడు వేన్‌తో.

"పాత మాడ్ తీయకుండా కొత్తది ఎక్కించావు కదూ? నీకు ఈ జన్మకి బుద్ధి రాదురా! పాతది పీకెయ్," అని నవ్వాడు వేన్.

పీకేశాడు. మళ్ళీ పెరిగింది.

వేన్ నవ్వు ఆగిపోయింది. "అది ఊరికే పెరగదురా. ఎవడో ఒకడు దగ్గర్లో ఉండాలి, వాడికి తెలియకుండా నడవాలి. అక్కడ ఎవడున్నాడు?"

"ఎవడూ లేడు."

డెస్మండ్ హెడ్‌ఫోన్స్ తీశాడు. హీటర్ మోత కూడా లేదు. వీపు వెనక చెక్కమెట్టు కిర్రుమంది.

‘దొంగనడక పెరిగింది.’

కింది మెట్టు ఇంకాస్త మెల్లగా కిర్రుమంది.

‘దొంగనడక పెరిగింది.’

తల తిప్పే ధైర్యం లేక, ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాడు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

తెర మీద అక్షరాలు మాత్రం మళ్ళీ మెరిశాయి.