ఆరా తాత

టోకు మార్కెట్ గేటు దగ్గర ప్లానింగ్ ఆఫీసరమ్మ జీపు పావుగంటగా కదల్లేదు.

ముందున్న బియ్యం లారీకి అడ్డంగా ఒక ముసలాయన నిలబడి డ్రైవర్ని ఆరా తీస్తున్నాడు. ఎక్కణ్ణుంచి వస్తున్నావు, ఎన్ని బస్తాలు, ఏ దారిన వచ్చావు, మళ్లీ ఎప్పుడొస్తావు.

"ఇన్ని వివరాలు అడుగుతున్నావు, పిల్లనిస్తావా ఏంటి తాతా?" అన్నాడు డ్రైవరు.

హమాలీలు పగలబడి నవ్వారు. ముసలాయన నవ్వలేదు, జవాబులన్నీ వచ్చేదాకా పక్కకు జరగనూ లేదు.

ఊళ్లోకి వచ్చే బియ్యమంతా ఆ గేటులోంచే రావాలి కాబట్టి ఆరా తాతను ఎరగని డ్రైవరు లేడు. పిచ్చివాడని కొందరు, పనిలేనివాడని కొందరు అనేవారు. రెండూ ఒకటేనని మార్కెట్ సూపరింటెండెంటు అభిప్రాయం.

ఆఫీసరమ్మకు అవతల మీటింగు ఉంది. రాబోయే ముప్పై ఏళ్లు ఈ మహానగరానికి తిండి ఎక్కణ్ణుంచి రావాలి, ఎంత నిలవ ఉంచాలి అన్న ప్రణాళిక ఆమె చేతుల మీదుగానే తయారవుతోంది. పాత బియ్యం గోదామును ఉంచాలా, కూలగొట్టాలా అన్నది ఆ రోజే తేలాలి.

విసుగ్గా జీపు దిగింది. ఆమె ఎవరో తెలియగానే ముసలాయన చేతులు జోడించాడు.

"గోదాము తీసెయ్యకండమ్మా. చుట్టుపక్కల ఊళ్ల బియ్యం మూడేళ్లుగా తగ్గిపోతోంది. ఇప్పుడొచ్చేదంతా వంతెన దారినే. ఆ వంతెనకి ఏమన్నా అయితే ఊరంతా పస్తే."

"మా దగ్గర లెక్కలున్నాయిలే తాతా. జరుగు."

ఆమె అన్నది అబద్ధం కాదు. నెలనెలా ఆమె బల్ల మీదికి మార్కెట్‌కు వచ్చిన బియ్యం రాబడి పట్టిక వస్తుంది. ఏ దారిన ఎంత వచ్చిందో వేర్వేరు గళ్లలో, ఒక్క కొట్టివేత లేకుండా రాసి ఉంటుంది. ఆమె మాత్రం అట్టడుగున ఉన్న మొత్తం ఒక్కటే చూసేది. మొత్తం ఏటేటా పెరుగుతూనే ఉంది.

మీటింగులో గోదాము కూలగొట్టడానికే నిర్ణయమైంది. తిరిగి వెళ్తూ ఆమె సూపరింటెండెంటుతో, బయటివాళ్లను గేటు దగ్గర నిలబడనివ్వొద్దని మర్యాదగానే చెప్పింది.

తెల్లారేసరికి గేటుకు 'బయటివారు ఇక్కడ నిలబడరాదు' అని బోర్డు వెలిసింది.

నాలుగు రోజులు ఆరా తాత రోడ్డుకు అవతలి పక్కన నిలబడ్డాడు. అక్కణ్ణుంచి టార్పాలిన్ కింద ఏముందో కనబడదు, డ్రైవర్లు ఏమంటున్నారో వినబడదు. గేటు వాచ్‌మన్‌కు జాలేసింది కానీ ఉద్యోగం ఉద్యోగమే. ఆ తర్వాత ముసలాయన రాలేదు. లారీలు ఆగకుండా లోపలికి పోతుంటే అందరికీ హాయిగానే ఉంది.

వానాకాలం నడుమ వంతెన కుంగింది.

కమిషనరు ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. నగరంలో ఎన్ని రోజులకు సరిపడా బియ్యం ఉంది?

ఆఫీసరమ్మ పట్టిక తెమ్మంది. నాలుగు నెలలుగా పట్టికే రాలేదని అప్పుడు తెలిసింది. తను అది కూడా గమనించలేదని ఆమెకు సిగ్గేసింది.

మార్కెట్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, అది పంపేది గణాంకాల శాఖ కదా అన్నారు. గణాంకాల శాఖను అడిగితే, మార్కెట్ వాళ్లు కదా మేడమ్ అన్నారు. ఎవరికి వాళ్లు అది అవతలివాళ్ల పని అనుకుని ఏళ్లకు ఏళ్లు గడిపేశారు.

కిటికీలోంచి చూస్తే బియ్యం దుకాణం ముందు జనం వరస అప్పుడే మలుపు దాటింది.

చేతిలో మిగిలిన పాత పట్టిక పట్టుకుని ఆమె మార్కెట్‌కు పరుగెత్తింది. కాటా దగ్గరున్న మనిషి దాన్ని ఒక్కసారి చూసి చెప్పాడు.

"ఇది ఆరా తాత రాత కదమ్మా."

ఆయన ఇంటికి ఆ కాటా మనిషే దారి చూపించాడు. ఒక్కటే గది. ఆయన కూతురు కుట్టుమిషను ఆపి లేచింది. నాన్న పోయి నెలన్నర అయిందని చెప్పింది. బోర్డు పెట్టినప్పటి నుంచి సరిగా అన్నం తినలేదని, నెల మొదటి తారీఖు వస్తే మీ ఆఫీసు డబ్బాలో వెయ్యడానికి కాగితం లేదని కూర్చుని ఏడ్చేవాడని చెప్పింది. ఆ గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

మంచం కింద నుంచి కట్టలు కట్టలుగా నకళ్లు తీసి ముందు పెట్టింది. ఆఫీసరమ్మ నేల మీదే కూలబడి చివరి కాగితం వెతికింది. బోర్డు పెట్టిన తేదీ తర్వాత ఒక్క అంకె కూడా లేదు. ఎన్ని రోజుల బియ్యం ఉందో ఇక చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. ఆమెకు దుఃఖం ఆగలేదు.

"ఈ పని చెయ్యమని ఆయనకి ఎవరు చెప్పారమ్మా?"

"మీ ఆఫీసు వాళ్లే మేడమ్" అంది కూతురు, గోడకున్న పటం వెనక నుంచి రెండు కాగితాలు తీస్తూ.

మొదటిది ఆయన్ని మార్కెట్ గేటు రాబడి గుమాస్తాగా వేసుకున్న ఉత్తర్వు. రెండోది, నగర మొదటి ఆహార ప్రణాళిక ప్రకారం ఆ ఉద్యోగం అనవసరమని ఇరవై ఆరేళ్ల కిందటే దాన్ని రద్దు చేసిన ఉత్తర్వు.